పొత్తులో ఉన్న అందర్నీ వదిలి ఆ ఒక్కరినే ఎందుకు కొడతారు?

ఈ నెల మనకొచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అమెరికాతోనో ఇంకొకరితోనో జట్టు కట్టిన దేశాల మీద ఉగ్రవాద సంస్థలు ఎలా గురి పెడతాయి, దానికీ మన గోదావరి జిల్లాల చెరువులకూ గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకూ లంకె ఏమిటి అని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జాగా ఇస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని అడిగారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

అమలాపురం, డిగ్రీ విద్యార్థి:
సార్, 2003లో ఇరాక్ యుద్ధానికి అమెరికా వెనక చాలా దేశాలు వెళ్లాయి కదా. మరి బాంబులు మాడ్రిడ్‌లో, లండన్‌లోనే ఎందుకు పేలాయి? పోలండ్ కూడా సైన్యాన్ని పంపింది, వార్సాలో ఏమీ జరగలేదు. ఇదంతా అదృష్టమేనా, లేక లెక్క ఉందా?

లెక్క ఉంది తమ్ముడూ, కానీ మనం అనుకునేంత సూటిగా ఉండదు. పొత్తులో చేరితే ఒక దేశం పేరు జాబితాలోకి ఎక్కుతుంది, అంతవరకే. ఆ జాబితాలోంచి ఎవర్ని ఎంచుకోవాలన్నది వేరే సంగతులు చూసి తేల్చుకుంటారు. ఏ దేశంలో జనం ఆ యుద్ధాన్ని తిట్టుకుంటున్నారు, ఎక్కడ ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఎక్కడ తమ మనుషులు ముందే ఉన్నారు, ఎవరు విడిపోతే మిగతావాళ్లు కూడా జారుకుంటారు, ఇవీ చూసేవి. వరదొచ్చినప్పుడు గోదారి ఏటిగట్టు మొత్తాన్ని తోసెయ్యదు కదా, ఎక్కడ మెత్తగా ఉందో అక్కడే గండి పెడుతుంది, పొత్తుల్లో వీళ్లు వెతికేది కూడా ఆ మెత్తటి చోటే.

స్పెయిన్ సంగతి చూడు. 2003 మార్చి 16న అజోర్స్ దీవుల్లో అమెరికా అధ్యక్షుడు బుష్, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్‌ల పక్కన నిలబడి యుద్ధానికి సై అన్నది స్పెయిన్ ప్రధాని అజ్నార్. ఆయన దేశంలో మాత్రం దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది యుద్ధం వద్దంటున్నారని అప్పటి సర్వేలు చెప్పాయి. ఆ డిసెంబర్‌లో ఇంటర్నెట్‌లో అరబిక్‌లో జిహాదీల పత్రం ఒకటి తిరిగింది, నార్వే రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు దాన్ని బయటపెట్టారు. అందులో ఏముందో తెలుసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆవేశం తక్కువ, రాజకీయ విశ్లేషణ ఎక్కువ. బ్రిటన్, స్పెయిన్, పోలండ్ లోపలి రాజకీయాలను విడివిడిగా చూసి, ఇరాక్‌లో అమెరికాను ఒంటరి చేస్తే ఆ ఖర్చు మోయలేదని, అందుకు ముందు దాని తోడున్నవాళ్లను విడగొట్టాలని, వాళ్లలో స్పెయిన్ రెండు, మహా అయితే మూడు దెబ్బలకు మించి ఓర్చుకోదని, అది తప్పుకుంటే ఆ ఒత్తిడి బ్రిటన్ మీద పడుతుందని రాశారు. రాబోయే ఎన్నికలను వాడుకోవాలని కూడా రాశారు. పోలండ్‌లో పార్టీలన్నీ విదేశాంగ విధానంలో ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి అక్కడ కష్టం అన్నారు. నీ వార్సా ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం, పోలండ్‌లో వాళ్లకు ఆసరా ఇచ్చే ముఠాలు స్పెయిన్‌లోలాగ, బ్రిటన్‌లోలాగ లేకపోవడం.

2004 మార్చి 11న మాడ్రిడ్‌లో నాలుగు లోకల్ రైళ్లలో పది బాంబులు పేలి 191 మంది చనిపోయారు. పొద్దున్నే పనులకూ కాలేజీలకూ వెళ్లేవాళ్లు. మూడు రోజుల్లో పోలింగ్. ప్రభుత్వమేమో ఇది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏ పనేనని పట్టుబట్టింది, సాక్ష్యాలు ఇంకోవైపు చూపిస్తున్నా మాట మార్చలేదు, జనానికి ఒళ్లు మండి 14న ఓడించారు. కొత్త ప్రధాని జపటెరో ఇరాక్‌లో ఉన్న 1,300 మంది సైనికుల్ని వెనక్కి తెచ్చేశారు. ఏప్రిల్‌లో బిన్ లాడెన్ ఒక ఆడియో టేపు వదిలి, ముస్లిం దేశాల మీదకు రానని మాటిచ్చే యూరప్ దేశాలతో సంధికి సిద్ధమన్నాడు, అమెరికాకు మాత్రం ఆ బేరం లేదన్నాడు. పొత్తును విడగొట్టడమే తమ పని అని ఇంతకంటే బాహాటంగా ఎవరు చెబుతారు?

అయితే దీన్నిబట్టి "బాంబులు పేల్చారు, స్పెయిన్ లొంగిపోయింది" అని పరీక్షలో రాసెయ్యకు. జపటెరో సైన్యాన్ని వెనక్కి తెస్తానని దాడికి ముందే ప్రచారంలో చెప్పాడు. ఆ పత్రం చదివే బాంబులు పెట్టారని కూడా రుజువు కాలేదు. ఫెర్నాండో రీనారెస్ అనే స్పెయిన్ పరిశోధకుడైతే, 2001 నవంబర్‌లో అక్కడి పోలీసులు అల్ ఖైదా ముఠాను పట్టుకున్న కక్ష దీని వెనక ఉందని, ఇరాక్ యుద్ధానికంటే ముందే ఆలోచన మొదలైందని అంటాడు. నాకు అనిపించేదేమంటే, పాత కక్షకు పొత్తు ఒక సమయాన్ని, ఒక సాకును, ఒక రాజకీయ ప్రయోజనాన్ని ఇచ్చింది. చాలా దాడుల్లో జరిగేది ఇదే.

ఇంకో సంగతి, ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. 2004 సెప్టెంబర్ 9న జకార్తాలో ఆస్ట్రేలియా ఎంబసీ ముందు బాంబు పేలింది. సరిగ్గా నెలకు ఆస్ట్రేలియాలో ఎన్నికలు. ఇరాక్‌కు సైన్యాన్ని పంపిన ప్రధాని జాన్ హోవార్డ్ అంతకుముందు కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచాడు. 2005 జులై 7న లండన్‌లో 52 మంది చనిపోయారు, బ్రిటన్ ఆ దెబ్బకు ఇరాక్ వదిలి పోలేదు. మాక్స్ అబ్రహామ్స్ అనే అమెరికా పరిశోధకుడు 2006లో 28 సంస్థలు పెట్టుకున్న 42 రాజకీయ లక్ష్యాలను తీసుకుని చూస్తే, నెరవేరినవి నూటికి ఏడు. మరి ఇంత తక్కువ ఫలితానికి ఎందుకు చేస్తారు అంటావా, మాడ్రిడ్ లాంటిది ఒక్కటి కలిసొస్తే చాలు, పదేళ్లపాటు అదే చెప్పుకుని కుర్రాళ్లను చేర్చుకోవచ్చు.

ఆఫ్రికా ఉదాహరణ కూడా రాసుకో, మన పత్రికల్లో తక్కువ వస్తుంది. సొమాలియాలో అల్ షబాబ్ అనే ఉగ్రవాద సంస్థ మీద పోరాడే ఆఫ్రికా యూనియన్ దళంలోకి 2007లో మొదట సైన్యాన్ని పంపింది ఉగాండా. 2010 జులై 11న ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ చూస్తున్న జనం మీద కంపాలాలో రెండు చోట్ల బాంబులు పేల్చారు, 74 మంది పోయారు. ఆ రెండు చోట్లలో ఒకటి ఇథియోపియా వంటకాల రెస్టారెంటు. సొమాలియాలోకి 2006లో దండెత్తి వెళ్లింది ఇథియోపియా, కానీ ఆ దేశం లోపల నిఘా గట్టిది, అక్కడ పెద్ద దాడి చెయ్యడం అల్ షబాబ్‌కు చేతకాలేదు, అందుకని పక్క దేశంలో ఆ దేశం పేరున్న హోటల్‌ని ఎంచుకున్నారు అనిపిస్తుంది. కెన్యా 2011 అక్టోబర్‌లో సొమాలియాలోకి వెళ్లింది, 2013లో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది, 2015లో గరిస్సా యూనివర్సిటీలో 148 మంది, ఎక్కువగా నీ వయసు పిల్లలే. కెన్యాకు సొమాలియాతో పొడవాటి సరిహద్దు, కాపలా పలచన, పైగా టూరిస్టులు, మాల్స్. కోపం అందరి మీదా ఉంటుంది, చెయ్యి అందేది కొందరి మీదకే.

భీమవరం దగ్గర రొయ్యల రైతు:
అయ్యా, 2024లో ఎర్ర సముద్రంలో ఎవరో ఓడల్ని కొడుతున్నారని చెప్పి మా దగ్గర కౌంటు రేటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) తగ్గించేశారు. యెమెన్ వాళ్లకి ఇజ్రాయెల్‌తో గొడవైతే జపాన్ వాళ్ల ఓడని, గ్రీసు వాళ్ల ఓడని కొట్టడమేంటండీ? మనం ఎవరి పక్కా లేం కదా, మన సరుక్కి ఈ బాధేంటి?

మీ కోపం న్యాయమైందే. యెమెన్‌లోని హూతీలు అనే సాయుధ ముఠా వాళ్లు (2022 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తన తీర్మానంలో వీళ్లను ఉగ్రవాద సంస్థ అంది) 2023 నవంబర్ 19న గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడను పట్టుకున్నారు. నడిపేది జపాన్ కంపెనీ, జెండా బహమాస్‌ది, సిబ్బంది ఫిలిప్పీన్స్, బల్గేరియా, ఉక్రెయిన్ లాంటి దేశాల వాళ్లు, ఒక్క ఇజ్రాయెలీ కూడా లేడు. యజమాని కంపెనీకి ఒక ఇజ్రాయెల్ వ్యాపారితో సంబంధం ఉందని, అదొక్కటే కారణం. మొదట ఇజ్రాయెల్‌తో లింకున్న ఓడలు అన్నారు, డిసెంబర్‌లో అమెరికా ఓడల రక్షణకు కూటమి కట్టింది, 2024 జనవరి 12న అమెరికా, బ్రిటన్ కలిసి యెమెన్ మీద బాంబులు వేశాయి, ఆ వెంటనే అమెరికా, బ్రిటన్ ఓడలు కూడా జాబితాలోకి ఎక్కాయి. అంటే కూటమి మారిన కొద్దీ గురి మారుతూ వచ్చింది, ఇంత స్పష్టంగా కళ్లముందు కనపడిన సందర్భం ఇంకోటి లేదు. చైనా ఓడలు కొన్ని "సిబ్బంది అంతా చైనావాళ్లే" అని సిగ్నల్‌లో పెట్టుకుని పోయేవి, మమ్మల్ని వదిలెయ్యండి అని.

కానీ ఓడ ఎవరిదో తేల్చడం అంత తేలికైన పని కాదు. ఒక దేశం యజమాని, ఇంకో దేశం జెండా, మూడో దేశం సరుకు, నాలుగో దేశం సిబ్బంది. పాత యజమాని పేరు చూసి కొత్త యజమాని ఓడను కొట్టిన సందర్భాలు ఉన్నాయి. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు బ్రిటన్‌తో సంబంధం ఉందని క్షిపణితో కొట్టారు. అందులో ఉన్నది 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. మన నేవీ ఓడ ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వెళ్లి మంటలార్పడానికి సాయం చేసింది. మనం ఆ అమెరికా కూటమిలో చేరలేదు, మన నేవీ విడిగానే పహరా కాసింది, అయినా ఆ మంటల్లో ఉన్నది మనవాళ్లే.

ఇక మీ రేటు సంగతి. ఓడలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా చుట్టూ కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా వెళ్తే పది రోజుల నుంచి రెండు వారాల దాకా ఎక్కువ పడుతుంది, ఫ్రోజెన్ సరుకుకు అన్నాళ్లూ కంటైనర్‌లో కరెంటు నడవాలి, ఇన్సూరెన్స్, బాడుగ రెండూ పెరుగుతాయి. యూరప్‌కూ అమెరికా తూర్పు తీరానికీ వెళ్లే మన రొయ్యకు ఆ భారం తగిలిన మాట నిజం. కానీ ఈక్వెడార్ రొయ్య పోటీ అప్పటికే గట్టిగా ఉంది, అమెరికాలో ధరలు పడి ఉన్నాయి. కాబట్టి రేటు కోత మొత్తాన్ని ఎర్ర సముద్రం మీదకు తోసేసి చెబితే నమ్మకండి, బాడుగ ఎంత పెరిగింది, కేజీకి ఎంత పడింది అని లెక్క అడగండి. అడిగే హక్కు మీకుంది.

పాలకొల్లు, మెడికల్ షాపు నడిపే పాఠకుడు:
దేశాల పొత్తుల సంగతి సరే. ఉగ్రవాద సంస్థలు కూడా అల్ ఖైదా అనీ ఐసిస్ అనీ పెద్ద పేర్లతో పొత్తు పెట్టుకుంటాయి కదా, అప్పుడు టార్గెట్ మారుతుందా?

మారుతుందండి. అల్జీరియాలో ఒక సాయుధ ముఠా ఏళ్ల తరబడి ఎక్కువగా అక్కడి సైన్యం, పోలీసుల మీదే దాడులు చేసేది. 2006లో అల్ ఖైదాతో కలిసింది, 2007 జనవరిలో పేరు మార్చుకుంది. అదే ఏడాది డిసెంబర్ 11న అల్జీర్స్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసును పేల్చింది. పెద్ద పేరు వాడుకోవాలంటే ఆ పేరుకు తగ్గ శత్రువును కొట్టి చూపించాలి, అప్పుడే పేరూ మనుషులూ వస్తారు. అయినా సొంత ఊరి తగాదాలు పోవు, ఎక్కువ దాడులు స్థానికుల మీదే సాగుతాయి.

నరసాపురం, రిటైర్డ్ హైస్కూల్ టీచరు:
మన దేశం ఏ సైనిక కూటమిలోనూ లేదు. మరి మన మీద ఇన్ని దాడులు ఎందుకు? పొత్తులకు దూరంగా ఉంటే క్షేమం అనేది నిజమేనా?

మాస్టారూ, సంతకం పెట్టిన కూటమి ఒక్కటే చూస్తే మనం బయటే ఉన్నాం. కానీ రెండు ప్రభుత్వాల మధ్య స్నేహం, ఒప్పందం కూడా ఎదుటివాడి కళ్లకు పొత్తులాగే కనపడుతుంది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం చేసుకున్నారు, మన శాంతి దళం శ్రీలంకకు వెళ్లి ఎల్టీటీఈతోనే యుద్ధం చెయ్యాల్సి వచ్చింది, 1990 మార్చికి వెనక్కి వచ్చేసింది. 1991 ఎన్నికల్లో రాజీవ్ మళ్లీ గెలిస్తే సైన్యాన్ని మళ్లీ పంపుతాడన్న భయమే హత్యకు కారణమని దర్యాప్తులో తేలింది. ఆ మే 21న ఆయన విశాఖపట్నం నుంచే విమానమెక్కి మద్రాసు వెళ్లారు, అక్కణ్ణించి శ్రీపెరంబుదూరు. స్పెయిన్‌కు 13 ఏళ్ల ముందే ఎన్నికల క్యాలెండర్ చూసి గురి పెట్టడాన్ని మనం చూశాం.

అఫ్గానిస్తాన్‌లో కూడా అంతే. మనం అక్కడికి యుద్ధానికి సైన్యాన్ని పంపలేదు, జరంజ్ నుంచి దెలారం దాకా రోడ్డు వేశాం, పార్లమెంటు భవనం కట్టాం. కాబూల్ ప్రభుత్వానికి మనం దగ్గరవడం గిట్టనివాళ్లకు అదే నేరం. 2006 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు చెందిన మన తెలుగు ఇంజనీరును తాలిబన్లు ఎత్తుకుపోయి, భారతీయులంతా దేశం వదిలి పోవాలని గడువు పెట్టి, చంపేశారు. 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పేలి 50 మందికి పైగా పోయారు, వాళ్లలో బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, ఐఎఫ్‌ఎస్ అధికారి వి. వెంకటేశ్వరరావు ఉన్నారు. అదే ఏడాది నవంబర్‌లో ముంబై. 166 మంది ప్రాణాలు తీసిన ఆ దాడిలో తాజ్, ఒబెరాయ్ హోటళ్లలో విదేశీయులను వెతికారు, యూదుల నారిమన్ హౌస్‌ను ఎంచుకున్నారు. భారత్ మీద పగ పాతది, కానీ అమెరికా, ఇజ్రాయెల్ పేర్లు కూడా కలిస్తే ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంటుందన్న లెక్క ఆ ఎంపికలో ఉంది. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది మాత్రం సీఎస్‌టీ స్టేషన్లో రైలు కోసం కూర్చున్న మామూలు జనం లాంటివాళ్లే.

దూరంగా ఉంటే క్షేమమా అంటే, కొంతవరకే. ఇరాక్ యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించింది ఫ్రాన్స్. అయినా 2004 ఆగస్టులో ఇరాక్‌లో ఇద్దరు ఫ్రెంచి విలేఖరులను ఎత్తుకెళ్లి, స్కూళ్లలో హిజాబ్ (తలగుడ్డ) నిషేధించే చట్టం రద్దు చెయ్యమన్నారు. శ్రీలంక 2019లో ఐసిస్ మీద పోరాడే కూటమిలో లేదు. ఆ ఈస్టర్ రోజు చర్చిలు, స్టార్ హోటళ్లు పేల్చి, కూటమి దేశాల పౌరులనూ క్రైస్తవులనూ కొట్టామని ఐసిస్ ప్రకటించుకుంది. చనిపోయిన 260 మందికి పైగా జనంలో అత్యధికులు శ్రీలంక వాళ్లు. చెయ్యి అందిన చోట కొట్టి, తర్వాత పొత్తు పేరు అతికించడం ఇది. దీన్ని వాళ్లు చెప్పిన కారణం కదా అని మన టీవీలు ఉన్నదున్నట్టు చదివేస్తాయి, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఒక దేశం ఏ పొత్తులో ఉండాలో తన అవసరాలు చూసుకుని తేల్చుకోవాలి, దాడి భయంతో తేల్చుకుంటే ఆ భయానికి అంతు ఉండదని నా అభిప్రాయం. అలాగని యుద్ధానికి సై అనే ముందు ఈ ముప్పు సంగతి జనానికి చెప్పకుండా దాచడం కూడా తప్పే.

రాజోలు దగ్గర ఒక తల్లి:
మా అబ్బాయి కువైట్‌లో డ్రైవరు. కువైట్ అమెరికాతో ఉంటుంది కాబట్టి ఎప్పటికైనా బాంబులు పడతాయని మా వీధిలో అంటున్నారండి. పిల్లాడిని వచ్చెయ్యమనాలా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్.

అమ్మా, మీ భయం ఊరికే పుట్టింది కాదు. 1983 డిసెంబర్ 12న కువైట్‌లో అమెరికా, ఫ్రాన్స్ ఎంబసీలను పేల్చారు. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో కువైట్, అమెరికా, ఫ్రాన్స్ మూడూ ఇరాక్ పక్క నిలబడ్డాయని. 2022 జనవరి 17న హూతీలు అబుదాబిలో పెట్రోలు ట్యాంకర్ల మీద డ్రోన్లతో దాడి చేశారు, యెమెన్ యుద్ధంలో ఎమిరేట్స్ చెయ్యి ఉందని. పోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు, ఒకరు పాకిస్తానీ. బతుకుతెరువుకు వెళ్లినవాళ్లు. 2004లో ఇరాక్‌లో కువైట్ కంపెనీ లారీలు నడిపే ముగ్గురు మన డ్రైవర్లను బందీలుగా పట్టుకున్నారు. మన ప్రభుత్వం ఇరాక్‌కు సైన్యాన్ని పంపనని అంతకు ఏడాది ముందే చెప్పింది, అయినా పట్టుకున్నారు. దేవుడి దయవల్ల సెప్టెంబర్ 1న క్షేమంగా వదిలేశారు.

కానీ కువైట్‌లో దాదాపు పది లక్షల మంది మనవాళ్లు ఉన్నారు, ఇన్నేళ్లలో ఇలాంటి దాడుల్లో పోయినవాళ్లు చాలా తక్కువ. ఈ కారణం మీద వచ్చెయ్యమని నేను చెప్పను. అబ్బాయిని ఒకటి మాత్రం గట్టిగా అడగండి, కంపెనీ బండి సరిహద్దు దాటించి ఇంకో దేశం వెళ్లమంటోందా అని. వెళ్లమంటే ఒప్పుకోవద్దనండి, బలవంతం చేస్తే ఎంబసీకి ఫోన్ చెయ్యమనండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో మీరు ఇక్కణ్ణించి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రవాసీ భారతీయ బీమా ఉందో లేదో చూడండి, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు వస్తుంది, గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు.

ఇంకొకటి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగులో నిప్పంటుకుని 45 మంది మనవాళ్లు చనిపోయారు, వాళ్లలో మన గోదావరి జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు. బాంబు గురించి అడిగేముందు మీ అబ్బాయి ఉండే గదిలో ఎంతమంది పడుకుంటున్నారు, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెట్టారు, రెండో మెట్లదారి ఉందా, దానికి తాళం వేస్తున్నారా అని ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి.